టెండరు పిలవాలి, ఎవరూ రాకూడదు

మున్సిపాలిటీలో కొత్తగా కమిషనరుగానో ఇంజనీరుగానో చేరారా? ఛైర్మన్ కుర్చీలో కూర్చుని ఇంకా వారం తిరగలేదా? అభినందనలు. ఇకనుంచి బ్లీచింగ్ పౌడరు మొదలు పదో వార్డు సీసీ రోడ్డు దాకా ఏది కొన్నా, ఏది కట్టించినా నలుగురి మధ్య పోటీ పెట్టి, తక్కువకు వచ్చినవాడికి ఇవ్వాలి. పోటీ అంటే బోలెడు చాకిరీ. బజారు ధరలు కనుక్కోవాలి, షరతులు రాయాలి, వచ్చిన సరుకు విప్పి చూడాలి. అంత ఓపిక ఎవరికుంది? కింద చెప్పినట్టు చేయండి. కాగితం మీద పోటీ నిక్షేపంగా జరుగుతుంది, పని మీ మనిషికే పోతుంది, మీరు మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళి ఓ కునుకు కూడా తీయొచ్చు.

1. అవసరాన్ని ముందుగా గుర్తించకండి.

ఎండలు పోతే వానలొస్తాయని, వానలొస్తే కాలవలు పొంగుతాయని మీకు తెలిసినట్టు ఎవరికీ తెలియనివ్వకండి. పూడికతీత అంచనాలు మార్చిలోనే వేస్తే తాపీగా టెండరు పిలవాల్సి వస్తుంది. తాపీగా పిలిస్తే పక్క ఊరివాళ్ళు కూడా వస్తారు. జులై దాకా ఆగండి. పల్లపు వీధిలో మోకాటిలోతు నీళ్ళు నిలిచి, కౌన్సిలరుగారు పంచె ఎగగట్టి ఫొటో దిగాక ఫైలు కదపండి. పైన ఎర్ర సిరాతో 'అత్యవసరం' అని రాయండి. మామూలు టెండరుకు కనీసం మూడు వారాల గడువివ్వాలని కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు (2017) చెబుతాయి. మీది షార్ట్ టెండరు, ఏడు రోజులు చాలు. ఆ ఏడింటిలో రెండో శనివారం, ఆదివారం, ఒక పండగ పడేలా చూసుకోండి.

2. ముక్కలు చేయండి.

పెద్ద పనైతే ఆన్‌లైన్‌కు వెళ్ళాలి. చిన్న పనికి ఆ బాధ లేదు. కాబట్టి రోడ్డును కోయండి. 'రామాలయం నుంచి కిరాణా కొట్టు వరకు' ఒక పని. 'కిరాణా కొట్టు నుంచి ట్రాన్స్‌ఫార్మర్ వరకు' ఇంకొకటి. 'ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వంపు వరకు' మరొకటి. కాంక్రీటు ఒకటే, మిల్లరు ఒకటే, మేస్త్రీ ఒకడే, అంచనాలు మాత్రం మూడు. కొనుగోళ్ళను ఇలా ముక్కలు చేయకూడదని రూల్సులో స్పష్టంగానే ఉంది. వాళ్ళు అంత స్పష్టంగా రాయకపోతే ఈ ఉపాయం మనకు తట్టేదా?

3. స్పెసిఫికేషన్ మీరు రాయకండి.

మీ మనిషి తెచ్చిన కేటలాగులోంచి ఎక్కించండి. వీధి దీపం ఎంత వెలుగివ్వాలి, ఎన్నేళ్ళు వెలగాలి అన్నవి అనవసరం. 'బూడిద రంగు పెట్టె, మూతకు నాలుగు మరలు, ఎడమవైపు కొక్కెం' అని రాయండి. అలవాటుకొద్దీ టైపిస్టు 'లేదా దానికి సమానమైనది' అని చేరుస్తాడు. కొట్టేయించండి.

4. అర్హతల దగ్గర కఠినంగా ఉండండి, ఒక్కరి దగ్గర తప్ప.

కాంట్రాక్టరు శక్తి తూచడానికి 2ఏఎన్-బి అని ఒక సూత్రముంది. ఏ అంటే గత అయిదేళ్ళలో ఏదైనా ఒక్క ఏడాదిలో చేసిన గరిష్ఠ పని విలువ, ఎన్ అంటే ఈ పనికి పట్టే కాలం, బి అంటే ఇప్పటికే నెత్తిన పెట్టుకున్న పనులు. తలకు మించి పనులు ఒప్పుకున్నవాణ్ణి ఏరేయడానికే దీన్ని పెట్టారు. మీ మనిషి చేతిలో ఎన్ని పనులు సగంలో ఉన్నాయో ఊరంతటికీ తెలుసు. అతను 'బి: ఏమీ లేవు' అని స్వయంగా రాసిచ్చిన కాగితాన్ని నమ్మండి. మిగిలినవాళ్ళ కాగితాలు మాత్రం భూతద్దం పెట్టి చూడండి. పేజీ నంబరు వేయలేదా? అనర్హుడు. సంతకం కింద తేదీ లేదా? పాపం, అతనూ అనర్హుడే.

5. ఆన్‌లైన్‌కు బెదరకండి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చినప్పుడు కొందరు అమాయకులు అంతా అయిపోయిందని దిగులుపడ్డారు. టెండరు డబ్బా దగ్గర మనుషుల్ని కాపలా పెట్టే రోజులు పోయాయనుకున్నారు. ఏం పోయింది? పత్రాలు ఆన్‌లైన్‌లో పెట్టినా సరే, నకళ్ళు, ధరావతు తాలూకు డీడీ ఆఫీసులో స్వయంగా ఇవ్వాలని ఒక షరతు చేర్చండి. గేటు ఎదుట టీకొట్టు బల్ల మీద కూర్చున్నవాళ్ళకు ఎవరెవరు వచ్చారో అదే తెలుస్తుంది. ఇంకా గట్టిగా కావాలంటే, పని స్థలం చూసినట్టు అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) సంతకంతో ధ్రువపత్రం అడగండి. ఏఈని సెలవు మీద పంపండి.

పని పేరు కూడా ముఖ్యమే. 'తాగునీటి పైపులైను' అని వెతికేవాడికి దొరక్కుండా 'వివిధ వార్డులలో వివిధ పనులు' అని పెట్టండి. ఆ తరవాత సవరణ ప్రకటన. దాన్ని చివరి రోజు సాయంత్రం వేయండి.

6. మూడు కొటేషన్లు ఒకే చేత్తో తెప్పించండి.

చిన్న కొనుగోళ్ళకు మూడు కొటేషన్లు చాలు. వాటికోసం మూడు కొట్లు తిరగడం తెలివితక్కువతనం. సరుకిచ్చేవాడికే చెప్పండి, తనదొకటి, బావమరిదిదొకటి, మూతపడిన కొట్టు పేరుతో ఒకటి పట్టుకొస్తాడు. మూడు లెటర్‌హెడ్‌లు, మూడు రంగులు, మూడు రబ్బరు స్టాంపులు. వినాయకుడి బొమ్మ ఒకదానిలో ఎడమవైపు, ఒకదానిలో మధ్యన. లోపల మాత్రం ఒకే టైపు, ఒకే వరస, 'చీపుళ్ళు' అన్నచోట మూడింటిలోనూ 'చీపుల్లు'. మూడిటికీ ఒకే చోట పిన్ను చిల్లు. ధరలు 100, 104, 107. ఒక్కోసారి తొందరలో ముగ్గురి జీఎస్టీ నంబరూ ఒకటే పడుతుంది. కంగారుపడకండి, మూడో పేజీ దాకా తిప్పేవాళ్ళు మన ఆఫీసుల్లో తక్కువ. తులనాత్మక పట్టిక గీసి 'పరిశీలించడమైనది' అని సంతకం పెట్టండి.

7. సిండికేటుతో సఖ్యంగా ఉండండి.

కాంట్రాక్టర్లు తమలో తాము కొట్టుకుంటే ధర పడిపోతుంది. ఒకడు అంచనాకన్నా పన్నెండు శాతం లెస్ వేస్తాడు, ఇంకొకడు పద్దెనిమిది. దాంతో మీకు మిగిలేదేముంది? మున్సిపాలిటీకి మిగిలిన సొమ్ముతో మళ్ళీ ఏదో పని చేయాలి, మళ్ళీ టెండరు పిలవాలి. అందుకని వాళ్ళు ఊరి చివర గెస్ట్‌హౌస్‌లో కూర్చుని వంతులు వేసుకుంటుంటే అడ్డుపడకండి. ఈసారి వాడు, వచ్చేసారి వీడు. తప్పుకున్నవాళ్ళకు గుడ్‌విల్. ఇద్దరు తోడు టెండర్లు వేస్తారు, మూడోవాడు వాళ్ళకన్నా పిసరంత తక్కువ వేస్తాడు. పది శాతం తగ్గాల్సిన ధర అర శాతం దగ్గర ఆగుతుంది. సంతలో ఆశీలు వేలంలోనూ ఇదే బృందం, ఇదే మర్యాద. అక్కడ మాత్రం పాట పైకి లేవకుండా చూసుకుంటారు.

ఇలా కూడబలుక్కోవడం 2002 నాటి కాంపిటీషన్ చట్టానికి విరుద్ధమని ఎవడో ఒక చదువుకున్న కౌన్సిలరు లేచి అంటాడు. పుణే నగరపాలక సంస్థ చెత్త శుద్ధి ప్లాంట్ల టెండర్లలో ఇలాగే తోడు టెండర్లు వేసిన సంస్థలకు 2018లో కాంపిటీషన్ కమిషన్ జరిమానాలు వేసిన మాటా నిజమే. అందులో నిజం ఒప్పుకున్న కొన్ని సంస్థలకు జరిమానా తగ్గింది కూడా. కానీ మన గెస్ట్‌హౌస్‌లో అలాంటి నోరున్నవాళ్ళు ఎందుకుంటారు? కనీసం టెండర్లన్నీ ఒకే కంప్యూటరు నుంచి పంపొద్దని చెప్పండి. చెప్పినా వినరు, ఆ నెట్ సెంటర్లో ఏసీ ఉంది మరి.

ధర తగ్గించుకుంటూ పాట పాడే రివర్స్ టెండరింగ్ ఆంధ్రలో 2019లో వచ్చి 2024లో పోయింది. రెండుసార్లూ మనవాళ్ళు భోజనానికి మాత్రం కలిసే కూర్చున్నారు.

8. డిజిటల్ సంతకం మీ మెడలో వేసుకు తిరగకండి.

టోకెన్ కంప్యూటర్ ఆపరేటరు కుర్రాడి సొరుగులో ఉండాలి. పిన్ నంబరు చిన్న కాగితం మీద రాసి మానిటరు అంచుకు అంటించండి. టెండరు తెరిచేది అతను, మూసేది అతను. అతను ఔట్‌సోర్సింగ్, జీతం నాలుగు నెలలుగా రాలేదు. ఇంతకన్నా నమ్మకస్తుడు ఎక్కడ దొరుకుతాడు?

9. మరీ తక్కువకు వేసినవాణ్ణి హత్తుకోండి.

ఎప్పుడైనా పొరపాటున పోటీ జరిగి ఒకడు 32 శాతం లెస్ వేస్తే ఎలా చేస్తావని అడక్కండి. 2003 నాటి 94వ జీవో ప్రకారం 25 శాతం దాటి తగ్గిస్తే ఆ తేడాకు అదనపు పూచీ కట్టించుకోవాలి. ఆ డీడీ జిరాక్స్ తీసుకుని అసలు తిరిగిచ్చేయండి. అతను సిమెంటు తగ్గించి సర్దుకుంటాడు.

10. సరుకు వచ్చిన రోజు ఆఫీసులో ఉండకండి.

అసలు విద్య ఇక్కడుంది. బ్లీచింగ్ బస్తాలు దిగుతాయి. మంచి బ్లీచింగ్ మూట విప్పితే ముక్కు ఘాటెక్కాలి, కళ్ళు నీళ్ళు తిరగాలి. తాజా సరుకులో దాదాపు మూడో వంతు క్లోరిన్ ఉంటుంది. మీ బస్తాకు ముక్కు ఆనించినా ఏమీ అనిపించదు. చెయ్యి పెడితే గడ్డలు, నలిపితే సున్నం. దించేవాళ్ళు తుమ్మలేదంటే సరుకు సంగతి అర్థమైనట్టే. 'సరుకు సంతృప్తికరం' అని స్టాకు రిజిస్టరులో రాయండి. కుళాయి చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. నీళ్ళలో పరీక్ష మందు చుక్క వేస్తే పసుపు తిరగాలి. తిరగలేదా? ల్యాబు రిపోర్టులో నిన్నటి అంకె వేయించండి. ఆసుపత్రిలో కామెర్ల వార్డు నిండితే అది వైద్య శాఖ వ్యవహారం, మున్సిపాలిటీది కాదు.

రోడ్డుదైతే ఇంకా సులువు. కొలతల పుస్తకం (ఎం-బుక్) ఇంట్లో కూర్చుని రాయండి. ఆరంగుళాల మందం అంచనాలో ఉందా, ఆరే రాయండి. టేపు పట్టుకుని వెళితే నాలుగే వస్తుంది, అప్పుడు మనసు పాడవుతుంది. రెండేళ్ళ మరమ్మతు పూచీ ఉందిగా అంటారా? ఆ రెండేళ్ళూ గుంతల గురించి వచ్చిన అర్జీలకు 'నిధులు లేవు' అని జవాబివ్వండి. మూడో ఏట కొత్త టెండరు.

11. బిల్లులు ఆపండి.

అందరివీ ఆపండి, మీ మనిషిది తప్ప. అతనిది కూడా ఆర్నెల్లు ఆపితే ఇంకా అణకువగా ఉంటాడు. నీళ్ళ ట్యాంకర్లవాడు, పారిశుధ్యం మనుషుల్ని పంపేవాడు, బోరు మోటారు బాగుచేసేవాడు రోజూ వరండాలో కూర్చుంటే ఆఫీసుకు కళ. నిజంగా పని చేసేవాళ్ళు రెండేళ్ళలో మీ ఊరి పేరు చెబితే దణ్ణం పెట్టి తప్పుకుంటారు. ఉండేవాళ్ళు బకాయి వడ్డీని కూడా రేటులో కలుపుకుంటారు.

12. కౌన్సిల్లో టేబుల్ అజెండాగా పెట్టండి.

జీడిపప్పు పొట్లాలు పంచాక, పదిమంది లేచాక, 'ముందస్తుగా చేయించిన పనులకు ఆమోదం' అని గబగబా చదివించండి. సమాచార హక్కు కింద ఎవడైనా పేజీకి రెండు రూపాయలు కట్టి ఫైలు నకళ్ళడిగితే వాణిజ్య రహస్యమనండి. ఆడిట్‌వాళ్ళు అడిగితే ఫైలు ఇంజనీరింగ్ సెక్షన్లో ఉందనండి. ఇంజనీరింగ్ సెక్షన్ అకౌంట్స్‌లో ఉందంటుంది. ఆడిట్‌వాళ్ళ రైలు సాయంత్రం అయిదింటికి.

13. ఎవరూ రాని రోజును సంబరంగా జరుపుకోండి.

ఈ పన్నెండూ తప్పకుండా పాటించారా, ఒకనాటికి మెయిన్ పైపు పగులుతుంది. టెండరు పిలుస్తారు. మొదటి పిలుపుకు ఎవరూ రారు. రెండో పిలుపుకూ రారు. మూడోదానికి గడువు పెంచినా తెర మీద సున్నా. నామినేషన్ మీద ఇద్దామని మీ మనిషికే ఫోన్ చేస్తారు. రింగవుతుంది, ఎత్తడు. అతనికి మీరివ్వాల్సింది చాలా ఉంది. 'మూడు పర్యాయములు టెండరు పిలువబడినది, స్పందన లేదు' అని నోట్ పెట్టి, ఫైలును వచ్చే కమిషనరుగారి బల్ల మీద ఉంచి, బదిలీకి దరఖాస్తు చేసుకోండి. కారణం అన్నచోట 'తల్లిగారి అనారోగ్యం' అని రాయండి.