గుండు టైర్లకు చలికాలపు మినహాయింపు కోరుతూ

రాష్ట్ర రవాణా శాఖ కమిషనర్ గారికి,

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల ద్విచక్ర వాహనదారుల తరఫున, వాళ్లెవరూ అడగకపోయినా, నమస్కరించి రాయునది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 94వ నిబంధన ఒకటుంది. మీకు తెలియదని కాదు, దానితో ఎవరికీ పెద్దగా పని పడడం లేదు కనుక గుర్తు చేస్తున్నాం. టైరు మీది గాడి లోతు రెండు చక్రాల బండికి 0.8 మిల్లీమీటరుకు, కార్లకూ లారీలకూ 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని అది చెబుతుంది. అరిగిగానీ కోసుకుపోయిగానీ లోపలి దారం బయటపడినా, ఒకచోట ఉబ్బినా, రబ్బరును ఉడికించి అతికించకుండా పైపైన అతుకు వేసినా ఆ టైరు పనికిరాదంటుంది. కాస్త దయ కూడా ఉంది దానికి: దగ్గర్లోని రిపేరు షాపు దాకా చేరడానికి తాత్కాలికంగా అతుకు వేసుకోనిస్తుంది. మా దగ్గర ఆ తాత్కాలికం దసరాకు మొదలై ఉగాది దాకా నడుస్తుంది. అందుచేత చలికాలం పొడుగునా ఈ నిబంధన మా ప్రాంతానికి వర్తించదని ఉత్తర్వు ఇప్పించాలని మనవి. ఎలాగూ నడవని నిబంధన. కాగితం మీద కూడా లేకుండా చేస్తే లెక్క సరిపోతుంది.

చలికాలమే ఎందుకంటారేమో. తెల్లారకముందే రెండు వైపులా పాల క్యాన్లు వేలాడేసుకుని జగిత్యాలకు వచ్చే బండిని ఆపి, వెనక టైరును ఒకసారి వంగి చూడండి. నేలను తాకే నడుమ భాగం అద్దంలా నున్నగా ఉంటుంది, అంచుల్లో మాత్రం కొత్త టైరు గుర్తులు ఇంకా మిగిలి ఉంటాయి. పక్క గోడ మీద సన్నటి పగుళ్లు. కోసుకుపోయిన చోట టైరుకూ ట్యూబుకూ మధ్య పాత టైరు ముక్క కత్తిరించి పెట్టి ఉంటుంది. చక్రం తిరిగినప్పుడల్లా ఆ ముక్క దగ్గర బండి ఒక చిన్న ఎగురు ఎగురుతుంది. ఇది ఒక రకం. ముందు టైరు వెనక్కీ వెనకది ముందుకూ మార్చి మరో సీజను లాగడం ఇంకో రకం. అరిగిన టైరు మీద వేడి కత్తితో గీతలు కోసి, గాడి ఉన్నట్టు చూపించి అమ్మడం అన్నిటికంటే చెడ్డది. రబ్బరు ఎటూ లేదు, ఉన్న కాస్తా కత్తి తీసేసింది.

ఇప్పుడు ఈ టైరు కింది రోడ్డు సంగతి. చలికాలమంటే వానకాలం వడ్లు కోసి రోడ్డెక్కించే రోజులు. 63వ జాతీయ రహదారి జగిత్యాల మీదుగా, కోరుట్ల మీదుగా మెట్‌పల్లి వైపు పోతుంది. దానిలో కలిసే ఊరి రోడ్ల మీద సగం మేర వడ్లు ఆరబోసి, రాత్రికి నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ బండరాళ్లు పెడతారు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదు గనుక మంచు పట్టిన కొద్దీ ఆ కుప్ప రోడ్డు మీద ఇంకో రోజు, ఇంకో రోజు ఉండిపోతుంది. పొలంలోంచి వచ్చిన ట్రాక్టర్లు, హార్వెస్టర్లు చక్రాలకు అంటిన నల్లమట్టిని తారు మీద రాల్చిపోతాయి. రాత్రి మంచుకు ఆ మట్టి తడిసి జారుడవుతుంది. తెల్లారేసరికి టైరులో గాలి కూడా తగ్గి ఉంటుంది: వేడి పది డిగ్రీలు పడిపోతే బైకు టైరులో సుమారు ఒకటిన్నర పాయింట్లు దిగుతుంది. మధ్యాహ్నం ఎండలో కొట్టించిన గాలి పొద్దున చలిలో ఉండదు. సిరిసిల్లలో రాత్రి పాళీ ముగించి సాంచాల (మరమగ్గాల) నుంచి ఇంటికి పోయే కార్మికుడు నిద్ర కళ్లతో ఈ పొగమంచులోకే బండి తీస్తాడు. అటు ముప్పై అడుగుల ముందు టార్పాలిన్, దాని అంచున రాయి, ఇటు కింద గుండు టైరు.

పొడి రోడ్డు మీద గుండు టైరే బాగా పట్టుకుంటుంది, రేసుల్లో గీతల్లేని టైర్లే వాడతారు కదా అని తెలిసినవాళ్లు అడుగుతారు. నిజమే. కానీ రేసు టైరు మెత్తటి రబ్బరు, వేడెక్కి పట్టుకుంటుంది, వాన పడగానే దాన్ని తీసి గాడులున్నది వేస్తారు. మన టైరు ఎండకూ గాలికీ ఏళ్ల తరబడి గట్టిపడిన రబ్బరు, చలికి ఇంకా బిగుస్తుంది. నీరూ బురదా పక్కకు పోవడానికి గాడి అన్నది లేదు. వడ్ల మీద కొత్త టైరైనా జారుతుందన్నది ఇంకో మాట. అదీ ఒప్పుకుంటాం. అయితే కొత్త టైరు పని వడ్ల మీద నడవడం కాదు, వడ్ల కుప్ప కనిపించగానే దానికి ఇవతలే బండిని ఆపడం.

పేదవాడి మాట మాత్రం తేలిగ్గా తీసేయలేం. నేసిన గుడ్డ లెక్కన కూలి తీసుకునే మనిషికి, కోరుట్లలో వెయ్యి బీడీల లెక్కన చేతికొచ్చే ఇంటికి కొత్త టైరు ఖర్చు ఒక నెల సరుకుల్లో కోత. 2025 సెప్టెంబర్ 22 నుంచి కొత్త టైరు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, ట్రాక్టరు టైరు మీద 5 శాతానికే దిగింది. పొలానికి పోయే ట్రాక్టరుకు ఉన్న పుణ్యం అదే పొలానికి పోయే ఎక్సెల్ బండికి ఎందుకు లేదన్నది మీ శాఖ చేతిలో లేని ప్రశ్న, పై వాళ్లకు పంపితే చాలు. కానీ పేదరికాన్ని చూపించి కొలతే వద్దనడం మాత్రం అబద్ధపు జాలి. సెకండ్ హ్యాండు టైరు ఏడాదికి రెండుసార్లు కొనేవాడు కొత్తదాని డబ్బు దాదాపు పెట్టేశాడు, పట్టు మాత్రం దొరకలేదు.

మినహాయింపు కోరడంలో మేం మొదటివాళ్లం కాదు. జర్మనీలో మంచు రోడ్డు మీద చలికాలపు టైర్లు తప్పనిసరి. 2017లో చేసిన సవరణలో మోటారు సైకిళ్లను దాని నుంచి తప్పించారు. ఊరికే మాత్రం తప్పించలేదు. అలాంటి బండి తీసేవాడు ముందు ఈ ప్రయాణం అవసరమా అని చూసుకోవాలి, గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు, ముందున్న బండికి తన వేగంలో సగం అంకె ఎంతో అన్ని మీటర్ల దూరం ఉంచాలి. అంటే వాళ్లు ఒక నిబంధన తీసి, జనం పాటించగల మూడు పెట్టారు. మాకు ఒకటుంది, దాన్ని ఎవరూ కొలవరు. సొంత వాడకపు బండి రిజిస్ట్రేషన్ అయ్యాక 15 ఏండ్ల దాకా తనిఖీకి మీ గడప తొక్కనక్కర్లేదు. చౌరస్తాలో కెమెరా హెల్మెట్‌ను పట్టుకుంటుంది, ముగ్గురెక్కితే పట్టుకుంటుంది, గాడి లోతు దానికి కనబడదు. ఫొటోకు దొరకని తప్పు తప్పుల లెక్కలోకి రాలేదు.

సర్కారుకు కొలవడం చేతకాదా అంటే, అదీ కాదు. అదే రోడ్డు పక్కన, అదే కొనుగోలు కేంద్రంలో, వడ్ల తేమను మిషన్ పెట్టి శాతాల్లో చూస్తున్నారు. ఆ వడ్ల రైతు బైకు మిషనుకు పది అడుగుల దూరంలో స్టాండు వేసి ఉంటుంది. గాడి లోతు చూసే పరికరం వంద రెండు వందల మాట. అదీ దండగ అనుకుంటే, టైరు గాడిలోనే కంపెనీవాళ్లు చిన్న రబ్బరు గట్లు పోసి ఇస్తారు. టైరు అరిగి వాటితో సమానమైతే మార్చే వేళ అయిందని గుర్తు. పక్క గోడ మీద టీడబ్ల్యూఐ అన్న అక్షరాలు వాటి జాడ చెబుతాయి. పంచరు షాపులో, పెట్రోలు బంకులో గాలి కొట్టే చోట, పాల కేంద్రంలో ఆ గట్లను వేలితో చూపించే మనిషి ఒకడు చాలు. మొదటి చలికాలం చలాను వద్దు, చూపించడమే. వద్దనుకుంటే మా మొదటి మనవే మంజూరు చేయండి, జర్మనీ వాళ్ల మూడు షరతులతో సహా. రెంటిలో ఏది తేల్చినా వానకాలం వడ్ల కొనుగోళ్లు మొదలయ్యే లోపు తేల్చగలరు. ఆ తర్వాత వచ్చే ఉత్తర్వు యాసంగి ఎండల్లో దేనికీ కొరగాదు.

ఇట్లు,
తాత్కాలిక అతుకుల మీద నడిచే ప్రాంతం నుంచి ఒక పన్ను చెల్లింపుదారు