నీళ్లు పోయకండి బాబోయ్!

తెలుగువాడి చేతిలో చెంబు ఉండి, ఎదురుగా మొక్క కనిపిస్తే ఆ మొక్కకి స్నానం తప్పదు. చేతులు కడుక్కున్నా కుండీలోకే, తాగగా మిగిలినా కుండీలోకే. మందారం, కరివేపాకు ఈ మర్యాదలన్నీ ఓర్చుకుని బతికేస్తాయి. యుఫోర్బియా మాత్రం కుళ్లి చచ్చిపోతుంది.

మా బాల్కనీలో ఉన్నది యుఫోర్బియా మిలీ. పుట్టిల్లు మడగాస్కర్. రీయూనియన్ దీవికి గవర్నరుగా చేసిన బ్యారన్ మిలియస్ 1821లో దీన్ని ఫ్రాన్సుకి పట్టుకెళ్తే, ఆయన పేరే దీనికి ఖాయమైంది. మేం మాత్రం కడియం నుంచి తెచ్చుకున్నాం. నర్సరీ కుర్రాడు కుండీ చేతికిస్తూ, "దీన్ని పట్టించుకోకండి సార్, అదే పెరుగుద్ది" అన్నాడు. వినడానికి ఎంత హాయిగా ఉందో! తీరా చూస్తే, మనిళ్లలో ఒక ప్రాణిని పట్టించుకోకుండా వదిలెయ్యడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఇంటిల్లిపాదీ సహకరించాలి.

అమ్మ సహకరించదు. వేసవిలో అది నాలుగు ఆకులు రాల్చగానే, "పాపం, నోరెండిపోతోందిరా" అంటూ బియ్యం కడిగిన నీళ్లు పట్టుకుని బయల్దేరుతుంది.

"అమ్మా, దానికి నీళ్లు కాండంలోనే దాచిపెట్టుకునే అలవాటు. ఉన్నవి ఆవిరైపోకుండా ఆకులు వదిలేసింది. వద్దంటోంది."

"నువ్వూ చిన్నప్పుడు అన్నం వద్దనేవాడివి. పెట్టడం మానేశానా?"

దీనికి వృక్షశాస్త్రంలో జవాబు లేదు.

నిజానికి దాని కోరికల చిట్టా చాలా చిన్నది. నాలుగైదు గంటల ఎండ, ముతక ఇసుక బాగా కలిపిన ఎర్రమట్టి, కుండీ అడుగున కన్నం. వేలు లోపలికి గుచ్చితే మట్టి పొడిగా తగలాలి, అప్పుడే నీళ్లు. కింద పళ్లెంలో నీరు నిలిస్తే వేళ్లకి ముప్పని పళ్లెం తీసి పక్కన పెట్టాను. అమ్మ పోసిన నీళ్లు సరాసరి కింది ఫ్లాట్ వాళ్ల వడియాల మీద పడ్డాయి. వాళ్లు పైకొచ్చి మాట్లాడిన దగ్గర్నుంచి అమ్మ చెంబు కాస్త వెనక్కి తగ్గింది. నా ఉపన్యాసాలు చెయ్యలేని పని వడియాలు చేశాయి.

ఊళ్లో చేలగట్ల మీద కంచెగా నిలబడే కాడజెముడు, బొంతజెముడు దీని చుట్టాలే. వాటికి ఎవరూ నీళ్లు పోసిన పాపాన పోలేదు, అందుకే మనిషెత్తున పెరిగాయి. దాదాపు రెండువేల రకాలున్న వంశం మరి. పిలవకుండానే ప్రతి కుండీలో దిగిపోయే రెడ్డివారి నానుబాలూ ఈ ఇంటిదే. అంటే డబ్బిచ్చి తెచ్చుకున్న చుట్టం కోసం ఊరికే వచ్చిన చుట్టాన్ని రోజూ మెడపట్టి గెంటుతున్నానన్నమాట.

ఇంతలో పై అంతస్తులో ఉండే మాస్టారు దిగొచ్చారు. "ముళ్ల మొక్క, పైగా పాలు కారేది. ఇంటికి అరిష్టం బాబూ!" పాల సంగతి కొట్టిపారెయ్యలేం. కంట్లో పడితే భగ్గున మండుతుంది, ఒంటికి తగిలితే దద్దుర్లు. పసిపిల్లలు, పెంపుడు కుక్కలు తిరిగే చోట దాన్ని కాస్త ఎత్తున పెట్టాల్సిందే. అరిష్టం మాటకి మాత్రం నేను థాయ్‌లాండ్‌ని సాక్ష్యానికి పిలిచాను.

"అక్కడ దీన్ని పోయ్‌సియన్ అంటారు మాస్టారూ. ఎనిమిదిమంది సిద్ధపురుషుల పేరట. గుత్తికి ఎనిమిది పూలు పూస్తే ఇంటికి అదృష్టమని నమ్ముతారు."

వాస్తు అక్కడితో ఆగింది. మాస్టారు కళ్లజోడు సవరించుకుని వంగారు. "ఇందులో నాలుగే... ఇదిగో, ఇందులో ఎనిమిది!" మనం రేకులనుకునేవి రంగు తిరిగిన ఆకులనీ, అసలు పూలు మధ్యలో ఆవగింజంతే ఉంటాయనీ చెప్పబోయి ఊరుకున్నాను. ఆ లెక్కకి అడ్డు తగిలే ధైర్యం చాల్లేదు.

"ఒక కొమ్మ ఇవ్వకూడదూ?" అన్నారు, మొక్క మీంచి చూపు తిప్పకుండా.

గ్లవుజులు తొడుక్కుని కొమ్మ కోశాను. కారిన పాలు కడిగేశాను. "నాలుగు రోజులు నీడలో ఆరనివ్వండి. కోసిన చోట ఎండి పొర కట్టాక ఇసుకమట్టిలో గుచ్చండి. తడి తగిలితే కుళ్లిపోతుంది" అని రెండుసార్లు చెప్పాను. అన్నిటికీ తలూపి, కొమ్మని కాగితంలో చుట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగారు.

"అంతా బానే ఉంది గానీ బాబూ, ఆ నాలుగు రోజులూ దీన్ని గ్లాసెడు నీళ్లలో పెట్టి ఉంచనా?"