పద్దెనిమిదేళ్ల ఏడు నెలలు

భారతదేశంలో స్త్రీ తల్లి కావడానికి కనీస వయసు పద్దెనిమిదేళ్ల ఏడు నెలలు. ప్రకృతి ఈ నిబంధనను ఇంకా అమల్లోకి తేలేదు కానీ ప్రధానమంత్రి మాతృ వందన యోజన తెచ్చింది. ఆ పథకం డబ్బు కోసం దరఖాస్తు పెట్టే తల్లికి 18 ఏళ్ల 7 నెలలు నిండాలి, 55 ఏళ్లు దాటకూడదు. పై హద్దులో చూపిన ఔదార్యం గమనించదగ్గది: యాభై నాలుగేళ్ల బాలింతకు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, పదిహేడేళ్ల బాలింతకు మూసి ఉన్నాయి. పద్దెనిమిదో పుట్టినరోజుకే ముహూర్తం పెట్టించుకుని, శోభనం నాడే కడుపు పండి, ఏడో నెలలో దరఖాస్తు పట్టుకుని వచ్చే ఆదర్శ వధువును తలచుకుని ఎవరో ఈ లెక్క కట్టి ఉంటారు.

అలాంటి ఆదర్శ వధువులు హర్యానాలోని నూహ్ జిల్లాలో అరుదు. గురుగ్రామ్ అద్దాల మేడలు దాటి దక్షిణానికి 45 కిలోమీటర్లు పోతే నూహ్ వస్తుంది. జాతీయ రాజధాని ప్రాంతంలోదే, కాగితం మీద ఢిల్లీకి చుట్టమే. గుర్గావ్, ఫరీదాబాద్ జిల్లాల నుంచి విడదీసి 2005లో మేవాత్ పేరుతో ఏర్పాటు చేశారు, 2016లో పేరు నూహ్ అయింది. పేరు మారినంత తేలిగ్గా మిగతావి మారలేదు. 2011 జనగణనలో ఇక్కడి ఆడవాళ్లలో అక్షరం ముక్క వచ్చినవాళ్లు నూటికి 37 మందికి మించలేదు. 2018లో నీతి ఆయోగ్ వెనుకబడిన జిల్లాలకు తొలిసారి ర్యాంకులు ఇస్తే, 101 జిల్లాల్లో నూహ్‌కు చిట్టచివరి స్థానం దక్కింది. భూగర్భ జలం చాలా చోట్ల ఉప్పు. సేద్యం వాన మీద, సంసారం లారీ స్టీరింగు మీద నడిచే మియో ముస్లిం కుటుంబాలు ఎక్కువ. పైతరగతుల బడి పక్క ఊళ్లో ఉంటే ఆడపిల్ల చదువు ఈ ఊరి బడితోనే సరి. చదువు ఆగిన పిల్లను ఎన్నాళ్లో ఇంట్లో ఊరికే ఉంచరు, పెళ్లి చేస్తారు.

దీనికి తోడు మరో రకం పెళ్లి ఉంది. 2011లో హర్యానాలో వెయ్యి మంది మగవాళ్లకు 879 మంది ఆడవాళ్లు. తన ఆడపిల్లల్ని కడుపులోనే లేకుండా చేసుకున్న రాష్ట్రం, ఆ లోటును అస్సాం, బెంగాల్, బిహార్ పేదింటి పిల్లలతో పూడ్చుకుంటోంది. డబ్బిచ్చి తెచ్చిన ఆ కోడళ్లను మేవాత్‌లో ‘పారో’ అంటారు. భాష రాదు, పుట్టింటి చిరునామా చెప్పే దిక్కు లేదు. పుట్టిన తేదీ కాగితం సంగతి అడగనే అక్కర్లేదు.

ఇక డబ్బు సంగతి. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ప్రతి గర్భిణికీ, ప్రతి బాలింతకూ 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంది. ప్రభుత్వ ఉద్యోగులను, వేరే చట్టం కింద అంతటి ప్రయోజనం పొందేవారిని మినహాయించింది తప్ప ఎన్నో కాన్పు, ఏ వయసు అని అడగలేదు. నాలుగేళ్లు గడిచాక, 2017లో పథకం దిగింది. ఆరు వేలు ఐదు వేలయ్యాయి. ‘ప్రతి’ అన్న చోట ‘మొదటి కాన్పుకు’ వచ్చి కూర్చుంది. పార్లమెంటు పెట్టిన విస్తరిని మార్గదర్శకాలు దొన్నె చేశాయి. వయసు కత్తెర కూడా కొత్తదేమీ కాదు. ఆసుపత్రి కాన్పుకు డబ్బిచ్చే 2005 జననీ సురక్ష యోజన, హర్యానా వంటి రాష్ట్రాల్లో, పంతొమ్మిది నిండని తల్లికి పైసా ఇవ్వనంది. ఆ షరతు ఆసుపత్రి కాన్పు అత్యవసరమైన పిల్లలనే ఆసుపత్రికి దూరం చేస్తోందని గ్రహించి, పేద తల్లుల విషయంలో 2013లో ఎత్తేశారు. గ్రహించడానికి ఎనిమిదేళ్లు పట్టింది. మరచిపోవడం అంతకన్నా తేలికైంది.

ఈ వయసు షరతుకు చెప్పే సమర్థన వినసొంపుగా ఉంటుంది: చిన్న వయసు తల్లికి డబ్బిస్తే బాల్య వివాహాన్ని ప్రోత్సహించినట్టు అవుతుందట. అంటే రెండు విడతల్లో, మొదట మూడు వేలు, బిడ్డ జననం నమోదై టీకాలు పడ్డాక రెండు వేలు, అదీ ఆధార్‌కు ముడిపడ్డ బ్యాంకు ఖాతాలో పడే సొమ్ముకు ఆశపడి తండ్రులు పధ్నాలుగేళ్ల పిల్లలకు పందిళ్లు వేస్తున్నారని అర్థం. కట్నానికీ విందుకూ అప్పు తెచ్చిన తండ్రి, ఏడాదిన్నర తరువాత వియ్యంకుడి ఇంట్లో పడే ఐదు వేల కోసం ఇదంతా చేశాడని నమ్మాలంటే సచివాలయంలో చాలాకాలం పనిచేసి ఉండాలి.

ఆసుపత్రి దగ్గర వ్యవహారం ఇంకా సున్నితం. ఆశా కార్యకర్త తల్లీబిడ్డల రక్షణ కార్డు నింపుతుంది. పేరు, భర్త పేరు, చివరి నెలసరి తేదీ, వయసు. మొదటి మూడు గడులు నిమిషంలో నిండుతాయి. నాలుగో గడి దగ్గర పెన్ను ఆగుతుంది. పిల్ల అత్తగారి వైపు చూస్తుంది. అత్తగారు ఆశా వైపు చూస్తుంది. ఆశా గోడ వైపు చూసి ‘19’ అని వేస్తుంది. ముగ్గురూ ఊపిరి పీల్చుకుంటారు.

అక్కడ ‘17’ అని పడితే ఏమవుతుందో 2012 పోక్సో చట్టం వివరంగా చెబుతుంది. పద్దెనిమిది నిండని పిల్ల గర్భవతి అని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలపాలి. తెలపకపోతే ఆరు నెలల దాకా జైలు. డాక్టరుకు మినహాయింపు లేదు. భర్తేగా అనే మాట కూడా చెల్లదు. పద్దెనిమిది లోపు భార్యతో సంబంధం అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017 అక్టోబరులో తేల్చింది. చట్టం ఉద్దేశాన్ని తప్పుపట్టేవారు తక్కువే, పిల్లల్ని కాపాడాల్సిందే. కాపాడే తీరే విచిత్రం. ఆసుపత్రికి పోతే ఇంటాయన జైలుకు పోతాడని తెలిసిన కుటుంబం ఆసుపత్రికి పోదు, మంత్రసానిని పిలుస్తుంది. లేత వయసు తల్లుల్లో గుర్రపువాతం, కాన్పు తరువాత ఇన్ఫెక్షన్లు, నెలలు నిండని కాన్పులు, బరువు తక్కువ బిడ్డలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఎవరు తప్పక ఆసుపత్రికి రావాలో వాళ్లనే గడప దగ్గర ఆపే ఏర్పాటు ఇది.

నిజం వయసు ఎంతో తేల్చడమూ తేలిక కాదు. పుట్టిన తేదీ తెలియని జనం ఆధార్‌లో జనవరి 1న మూకుమ్మడిగా పుట్టారు. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో స్పష్టం చేసింది. బడి సర్టిఫికెట్టు కావాలంటే పిల్ల బడికి పోయి ఉండాలి. చివరికి మిగిలేది ఎముకల ఎక్స్‌రే, అది చెప్పే వయసు రెండేళ్లు అటూ ఇటూ కావచ్చు. ఎముకలే రెండేళ్ల తేడాతో మాట్లాడే దేశంలో పథకం మాత్రం నెలల లెక్కన మాట్లాడుతుంది.

న్యాయస్థానాలు ఈ చిక్కుముడిని చూడలేదని అనలేం. ఢిల్లీ ప్రభుత్వ ఆరోగ్య శాఖ ప్రతివాదిగా ఉన్న కేసులో 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు, గర్భస్రావం కోరే మైనరు పేరును డాక్టరు పోలీసులకు చెప్పనక్కర్లేదని వెసులుబాటు ఇచ్చింది. మంచి తీర్పు. అయితే ఆ వెసులుబాటు గర్భం వద్దనుకున్న పిల్లకే. బిడ్డను కంటానన్న పిల్లకు ఆ పాటి మరుగు కూడా లేదు. 2023 అక్టోబరులో కలకత్తా హైకోర్టు మరో దారి కనిపెట్టింది. పధ్నాలుగేళ్ల పిల్ల, పాతికేళ్ల మనిషి, ఒక బిడ్డ ఉన్న కేసులో అతన్ని నిర్దోషిగా వదిలేస్తూ, కిశోర బాలికలు తమ కోరికలను అదుపులో పెట్టుకోవాలని హితబోధ చేసింది. పాతికేళ్లవాడు తప్పించుకున్నాడు, ప్రవచనం పధ్నాలుగేళ్ల పిల్లకు మిగిలింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును 2024 ఆగస్టులో కొట్టేసి అతను దోషేనని తేల్చింది. 2025 మే 23న అదే సుప్రీంకోర్టు, శిక్ష మాత్రం వేయనంది. జరిగిన నేరం కన్నా ఆ తరువాత పోలీసులు, కోర్టులు, సమాజం నడిపిన తంతే ఆ పిల్లను ఎక్కువ నలిపిందని, అతన్ని విడిపించుకోవడానికి ఆమె ఉన్నదంతా ఊడ్చిపెట్టిందని గుర్తించి.

హర్యానా అంతకన్నా చురుకు. బాల్య వివాహం మొదటి నుంచే చెల్లదనేలా 2020లో శాసనసభ చట్టాన్ని సవరించింది. దాంతో పదిహేడేళ్ల తల్లి పరిస్థితి పూర్తి స్పష్టతకు వచ్చింది: పెళ్లి చెల్లదు, భర్త ముద్దాయి, తను మైనరు, సాయానికి అర్హత లేదు. బిడ్డ ఏడుపు ఒక్కటే ఏ సవరణకూ లొంగలేదు.

లెక్కలు చూస్తే మాత్రం హర్యానా కుదురుగానే కనిపిస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–19 ఏళ్ల అమ్మాయిల్లో అప్పటికే తల్లులైనవారు, కడుపుతో ఉన్నవారు కలిపి దేశంలో 6.8 శాతం, హర్యానాలో 3.9 శాతం. అద్దాల మేడల జిల్లానూ నూహ్‌నూ ఒక గంపలో పోసి సగటు తీస్తే ఇలాగే ఉంటుంది. ఆ సర్వే ప్రశ్నలడిగేది పదిహేనేళ్లు నిండిన ఆడవాళ్లను. పధ్నాలుగేళ్ల తల్లి అందులో దొరకదు. నూహ్ కథ చదివి ముక్కున వేలేసుకునే తెలుగు పాఠకుడికి అదే పట్టికలో మరో వరుస ఉంది: తెలంగాణ 5.8, ఆంధ్రప్రదేశ్ 12.6. హర్యానాకు మూడు రెట్లు. వయసు దాచకుండా లెక్క రాయడంలో మాత్రం ఒకప్పటి తెలుగువాళ్లే నయం. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్ల జాబితా రాయిస్తే 1,034 తేలాయని, వాటిలో ఐదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు ఉన్నారని గురజాడ 1897 నాటి తన నాటకం పీఠికలో నమోదు చేశారు. ఆ జాబితా రాసిన గుమాస్తాలు ఏడాది పెళ్లికూతురి దగ్గర పెన్ను ఆపలేదు. ఇంత వయసు దాకా లెక్కలోకి రాదని కూడా అనలేదు.

నివారణ చర్యలకు లోటేమీ లేదు. హర్యానా 1994లోనే ‘అప్నీ బేటీ అప్నా ధన్’ ప్రారంభించింది. పేదింట ఆడపిల్ల పుడితే ఆమె పేర 2,500 రూపాయల బాండు. పద్దెనిమిదేళ్ల దాకా పెళ్లి కాకుండా ఉంటే 25,000. తొలి లబ్ధిదారులకు 2012లో పద్దెనిమిదేళ్లు నిండాయి. పరిశోధకులు వెళ్లి చూస్తే, చిన్ననాటి పెళ్లిళ్లు ఈ డబ్బు వల్ల తగ్గిన దాఖలా కనబడలేదు. పైగా పద్దెనిమిది నిండగానే ఆ ఏడే పెళ్లి చేసేయడం లబ్ధిదారుల్లో ఎక్కువగా కనబడింది, బాండు సొమ్ము పెళ్లి ఖర్చుల్లో కలిసింది. పెళ్లి ఆపడానికి పెట్టిన డబ్బు పెళ్లికే అక్కరకొచ్చింది. ప్రభుత్వం పద్దెనిమిదేళ్లు దాచిపెట్టి ఇచ్చిన కట్నం అనవచ్చు.

2015 జనవరి 22న అదే రాష్ట్రంలోని పానిపట్‌లో ‘బేటీ బచావో బేటీ పఢావో’ మొదలైంది. 2016–19 మధ్య విడుదలైన నిధుల్లో 78.91 శాతం ఒక్క ప్రచారానికే పోయిందని పార్లమెంటు మహిళా సాధికారత కమిటీ తేల్చింది. బేటీకి పోస్టరు దక్కింది, ఆమె బడికి బస్సు దక్కలేదు. 2024 నవంబరు 27న ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో ‘బాల్ వివాహ్ ముక్త్ భారత్’ ఉద్యమం ప్రమాణ స్వీకారంతో మొదలైంది. ప్రమాణాలు చేయించడంలో ఈ దేశానికి సాటి లేదు.

పిల్లకు తన ఒంటి గురించి ముందే చెబితే ఎలా ఉంటుందన్న ఆలోచనా రాకపోలేదు. అందుకోసం తెచ్చిన కౌమార విద్యా పాఠాలను 2007లో పలు రాష్ట్రాలు తరగతి గదుల్లోంచి గెంటేశాయి. 2009లో వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ, మన సంస్కృతిలో బడిలో లైంగిక విద్యకు చోటు లేదని తేల్చింది. పదిహేనేళ్ల పిల్ల బిడ్డకు పాలివ్వడానికి మాత్రం ఆ సంస్కృతిలో చోటుంది. పాశ్చాత్య విశృంఖలత్వానికి ఉదాహరణగా మనవాళ్లు చూపే బ్రిటన్ 1999లో ఒక ప్రణాళిక వేసుకుంది: బడిలో పాఠం, ఊళ్లో సలహా కేంద్రం, అడిగితే గర్భనిరోధకం, తల్లయిన పిల్లకు చదువు సాగేలా తోడ్పాటు. ఇరవై ఏళ్లలో అక్కడ పద్దెనిమిది లోపు గర్భాలు సగానికి పైగా తగ్గాయి.

ఇక నూహ్‌లో పదిహేడో ఏట తొలి బిడ్డను కన్న తల్లి విషయం. కాలం ఆగదు గనుక ఆమెకూ ఒకనాటికి పద్దెనిమిదేళ్ల ఏడు నెలలు నిండుతాయి. అప్పటికి రెండో బిడ్డ కడుపులో ఉంటుంది. పెళ్లి వయసు దాటింది, ఆధార్ సరిపోతుంది, పోలీసు భయం లేదు, ఆశా కార్యకర్త నాలుగో గడిలో నిజం వయసే వేయవచ్చు. అయితే ఇది మొదటి కాన్పు కాదు కాబట్టి ఆ ఐదు వేలు రావు. 2022 నుంచి రెండో కాన్పుకూ ఆరు వేలు ఇస్తున్నారు, పుట్టింది ఆడపిల్ల అయితేనే. మగపిల్లాడైతే ఏమీ లేదు. మూడో కాన్పుకు దరఖాస్తు ఫారమే లేదు.