మా బావగారి ప్రెషరు

ప్రతి బంధువర్గంలోనూ ఒకాయన ఉంటాడు. పాత కారు అమ్మడు, బాగు చేయించడు, పరీక్షలు మాత్రం మానడు. మా వైపు ఆ లోటు లేకుండా చూసింది మా పెద్దక్క.

బావగారు ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఇంజనీరుగా రిటైరయ్యారు. ఆయన అంబాసిడరు మాత్రం సర్వీసులోనే ఉంది. 1984 మోడలు, మార్క్ 4. ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014లో ఆ కార్లు చేయడమే మానేసినా, ఈయన దాని ఆయిల్ ప్రెషరు గురించి చెప్పడం మానలేదు. డాష్‌బోర్డు కింద సన్నటి రాగి గొట్టంతో విడిగా ఓ మీటరు బిగించుకున్నారు. ఆయన రోడ్డు చూసుకోవాలి గనక, ముల్లు చూసే డ్యూటీ అక్కది.

"నలభై అయిదు... గేటు పడింది, ఇరవై... పన్నెండండీ!"

అంతే. ఇంజను ప్రెషరు దిగితే ఈయనది ఎక్కుతుంది. వేడెక్కిన ఇంజను ఐడిల్‌లో కనీసం పదిహేను పౌండ్లు చూపాలని ఆయన పట్టు.

మెకానిక్కుది ఒకటే మాట: "బోరుకొచ్చేసింది సార్, ఇంజను దించేద్దాం."

"ముందు డిప్‌స్టిక్ తియ్యవయ్యా!"

ఇక తంతు మొదలు. కండువా చెంగుతో పుల్ల తుడిచి, మళ్లీ ముంచి తీసి, ఆ చుక్కని రెండు వేళ్ల మధ్య రుద్ది వాసన చూస్తారు. పెట్రోలు కంపు కొడితే ఫ్యూయల్ పంపు డయాఫ్రం చిరిగి ఆయిల్లోకి కారుతున్నట్టు. తర్వాత స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకీ, పిడి చెవికీ ఆనించి కళ్లు మూసుకుంటారు. టకటకమని పైనుంచి వస్తే టాపెట్లు, దబదబమని అడుగునుంచి వస్తే బేరింగులు.

"పంపు నీళ్లు వదిలే తూము మాత్రమేనోయ్. ప్రెషరు నిలబెట్టేవి గట్లు! బేరింగులరిగి సందు పెరిగిందా, గట్టుకి గండి పడ్డట్టే. రిలీఫ్ వాల్వు స్ప్రింగు నీరసించిందా, ఎస్కేపు తలుపు ఎత్తేసినట్టే. శివారు ఆయకట్టు రాకర్లకి చుక్క అందదు."

అంత విడమరిచి చెప్పినాయన ఆ స్ప్రింగు మార్పించొచ్చుగా? మార్పించరు. ఛాంబరు విప్పి జాలీ కడిగించొచ్చుగా? కడిగించరు. రోగం తేలిపోతే సాయంత్రాలు ఏం చేసుకుంటారు పాపం!

పైగా ఊరందరి బానెట్లూ ఆయనవే. మా చిన్నాన్న కూతురి పెళ్లిలో తలంబ్రాల వేళకి మనిషి కనిపించలేదు. వెతికితే, మగపెళ్లివారి పాత పద్మిని కింద పట్టుపంచెతో పడుకుని ఉన్నారు. వియ్యంకుడు టార్చి పట్టుకుని నిలబడ్డాడు.

కోపం వస్తుంది గానీ, ఆయన మాట కొట్టిపారేయలేం. ఓసారి డాష్‌బోర్డులో ఎర్రలైటు మినుకుమంటే మెకానిక్కు గొలుసులూ కప్పీ సిద్ధం చేసేశాడు. బావగారి మీటరు నిబ్బరంగా పద్దెనిమిది చూపించింది. పోయింది లైటు తాలూకు స్విచ్చి! ఇంజను దక్కినందుకు మేమంతా సంతోషించాం. ఆయనొక్కరే దిగులుగా భోంచేశారు.

మొన్న నా కారు మీద పడ్డారు. "మీటరే లేదా! ఆ లైటు వెలిగేది ప్రెషరు అయిదారు పౌండ్లకి పడిపోయాకేనోయ్ బావమరిదీ" అని చెప్పి, కాఫీ తాగి వెళ్లిపోయారు.

అప్పట్నుంచీ తాళం తిప్పి, స్టార్టయ్యాక ఆ లైటు ఆరిందాకా నేను గేరు వేయడం లేదు. రాగి గొట్టం ధర కూడా కనుక్కున్నాను. మా ఆవిడ వెనక సీట్లోకి మారింది.

"ముల్లు చూడ్డానికి మీ అక్కయ్యగారినే పిలిపించుకోండి."