పాటిమన్ను పట్టభద్రుడు

మా పెద్దపల్లి దిక్కు ఇంజినీరింగ్ చదివినవాణ్ని ఎవరూ ఏమీ అడగరు. డాక్టరు చదివితే అడుగుతారుగానీ అది తమ మోకాళ్ల గురించి. పురావస్తుశాస్త్రం చదువుతున్నానన్నవాడికి మాత్రం రెండు ప్రశ్నలు రాసిపెట్టి ఉంటాయి. మొదటిది చెవి దగ్గరికి వచ్చి అడుగుతారు: “లంకెబిందెలేమన్న దొరికినయా?” రెండోది నలుగురికీ వినబడేటట్టు అడుగుతారు: “గిది సదివితే నౌకరి అస్తదా?” మొదటిదానికి లేదంటే నమ్మరు, రెండోదానికి అవునంటే నమ్మరు.

మా మేనమామ మొదటి ప్రశ్నను అంత తేలిగ్గా వదిలే రకం కాదు. చట్టం చెబితేనన్నా ఊరుకుంటాడని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఎత్తుకున్నాను. భూమిలో దాగి ఉన్నదేదైనా దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాసి తెలియజేయాలి. ఆయన శ్రద్ధగా విన్నాడు.

“పది రూపాయలేనా?”

“అవును మామా.”

“సుల్తానాబాద్ బస్టాండ్ల పది రూపాయలకు ఛాయ్ సగం గిలాస గూడ పోస్తలేడు. కలెక్టర్ దగ్గరికి పోయి వచ్చే కిరాయి ఎవలిస్తరు?” కాసేపు లెక్క వేసుకున్నాడు. “అంటే తొమ్మిది రూపాయల తొంబై పైసల దాంక మనదే అన్నట్టు.”

చట్టం మీద ఇంత పట్టున్న మనిషి వకీలు కాకపోవడం మా వంశం చేసుకున్న కర్మ.

నవ్వులాటకు చెబుతున్నానుగానీ ఈ గుప్తనిధుల పిచ్చి మహా చెడ్డది. అమావాస్య రాత్రి పాత గుళ్లోకి దూరి, పానవట్టం పెకిలించి, నంది మెడ విరిచి మరీ తవ్విపోతారు. నిమ్మకాయలు, కుంకుమ, ఒక మంత్రగాడు, ఈ మధ్య జేసీబీ కూడా. మా దగ్గరుండేది కుంచె, చిన్న తాపీ, టేపు. బడ్జెట్‌లో వాళ్లతో ఎన్నటికీ సరితూగం. వాళ్లకు అక్కడ దొరికేది ఏమీ ఉండదు. వాళ్లు తవ్వాక మాకు దొరికేదీ ఏమీ ఉండదు.

“డైనోసార్ బొక్కలు దొరికినయా?” అని అడిగేది పిల్లలు. అది మా శాఖ కాదు, మనిషి పుట్టడానికి కోట్ల ఏళ్ల ముందటి సంగతి అని ఎక్కడైనా చెప్పి తప్పించుకోవచ్చుగానీ ఆదిలాబాద్‌లో కుదరదు. అక్కడ నిజంగానే దొరికాయి. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వితీసిన బొక్కలను ఒకదానికొకటి కూర్చి హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. శాస్త్రీయ నామంలో ఊరి పేరు కూడా ఉంది: కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. మా ఊరి పేరు ఇంతవరకు ఆర్టీసీ బస్సు బోర్డు మీదికే ఎక్కలేదు.

తవ్వకాలు అని పేరేగానీ ఈ చదువులో నేర్పేది తవ్వకుండా ఉండటం. నేల మీద గడులు గీసి, గడికీ గడికీ మధ్య గట్టు వదిలి, పొరకు పొర గీరుకుంటూ దిగాలి. మట్టి రంగు మారిన చోట ఆగాలి. ఫొటో తీయాలి, కొలవాలి, గ్రాఫు కాగితం మీద గీయాలి, చీటీ రాయాలి. మట్టి రంగు మారిందా, మన నీడ పడిందా అని ఇద్దరు పెద్దలు పొద్దుగూకే దాకా వాదించుకుంటారు. అప్పటికి నీడ ఎటూ ఉండదు.

పనికి వచ్చినవాళ్లకు ఇది అర్థం కాని బాధ. ఉపాధి హామీలో ఎంత మట్టి తీస్తే అంత కూలి. ఇక్కడ ఎంత తక్కువ తీస్తే అంత మెప్పు. “సారూ, గిట్ల గీకుకుంట కూసుంటె మా మేటు గైరాజరు ఏస్తడు” అని ఒక అక్క నిజంగానే దిగులు పడింది.

ఇంత చేస్తే వచ్చేది పెంకులు. పెద్దబొంకూరులో కుండ నిండా వేలకొద్దీ శాతవాహన నాణేలు దొరికిన మాట నిజమే. ఇటుకలతో కట్టిన బావులు, మట్టి వరలు దించిన బావులు వరసగా బయటపడ్డ మాటా నిజమే. ధూళికట్టలో మట్టికోట గోడ, దానికి అవతల బౌద్ధ స్తూపం, సున్నపురాయి పలక మీద పడగ విప్పిన ముచలింద నాగు కూడా వెలికివచ్చాయి. ఆంధ్రులకు ముప్పై కోటలున్నాయని గ్రీకు రాయబారి మెగస్తనీసు చెప్పినదాంట్లో ధూళికట్ట ఒకటి అయ్యుంటుందని మావాళ్లు ఛాతీ విరుచుకుంటారు కూడా. కానీ అవన్నీ మేం పుట్టకముందటి వైభవాలు. మా వంతు వచ్చేసరికి మిగిలినవి పెంకులే. వాటిని కడగాలి, ఆరబెట్టాలి, అంచులు ఒక పక్క, అడుగులు ఒక పక్క పేర్చాలి, ప్రతి పెంకు మీదా నల్ల సిరాతో నంబరు వేయాలి.

సెలవులకు పోతూ పాత ఊరి దిబ్బ పక్క చెలకలో ఏరుకున్న పెంకులు కొన్ని సంచిలో వేసుకుపోయాను. మా బాపమ్మ సంచి విప్పి చూసి గుండెలు బాదుకుంది. “పలిగిన కుండ ఇంట్ల ఉంటె దరిద్రమంటరు. నువ్వు సంచుల పెట్టుకొని దేశం తిరుగుతున్నవా?”

ఇనుప యుగపు నలుపు-ఎరుపు పెంకు ఒకటి ఆమె చేతికిచ్చాను. కుండను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి ఆడక నల్లబడుతుందని, బయట గాలి తగిలి ఎర్రగా వస్తుందని మాకు చెప్పిన పాఠం ఆమెకు చెప్పబోయాను. ఆమె వినలేదు. బొటనవేలితో పెంకు లోపలి వైపు రెండుసార్లు రుద్దింది. వెనక్కి తిప్పి అడుగు చూసింది. వెలుతురుకు పెట్టి అంచు చూసింది.

“గిది పొయ్యి మీదికి ఎక్కింది కాదు, అడుగుకు మసి లేదు. లోపల గింత నున్నగ మెరుగు పెట్టిన్రంటె పాలకో పెరుగుకో. చేసింది మంచి కుమ్మరే. వాడుకున్నామెకే సోయి లేదు, పలగ్గొట్టింది.”

ఆ పెంకు వివరాల కార్డులో ‘ఉపయోగం’ అనే గడిలో నేను అప్పటికే ‘నిర్ధారణ కాలేదు’ అని రాసి ఉన్నాను. రెండు వేల ఏళ్ల కిందటి కోడలి మీద నిందలు రాసుకోవడానికి ఆ కార్డులో గడి లేదు.

ఇక పాటిమన్ను. పాతకాలపు ఊరు కూలి, దాని మీద ఇంకో ఊరు లేచి, అదీ కూలి, చివరికి మిగిలిన దిబ్బను మా దిక్కు పాటిగడ్డ అంటాం. పొయ్యిబూడిద, పేడ, బొక్కలు, వడ్లపొట్టు వందల ఏళ్లు మగ్గిన ఆ మట్టిలో భాస్వరం దండిగా ఉంటుంది. భాస్వరం ఎక్కడ ఎక్కువుందో పరీక్షించి పాత ఊరి జాడ పట్టే పద్ధతి ఒకటి మా సిలబస్‌లో ఉంది. రైతులకు ఆ పరీక్ష అక్కర్లేదు. ఎండాకాలం రాగానే ట్రాక్టరు కట్టుకొని గడ్డ మీదికి పోతారు. అలాంటి ఒక ట్రాక్టరుకు మా బృందం అడ్డం నిలబడి, ఇది శాతవాహనుల కాలం నాటిది, దేశ సంపద అని చెప్పింది. ట్రాక్టరాయన ఇంజను ఆపి, మర్యాదగా విని, మర్యాదగానే జవాబిచ్చాడు: “మా తాతల కాలం నుంచి గీ మన్నే పోస్తున్నం సారూ. శాతవాహనులు పోసిన చెలకల మక్క నిండుగ కాస్తది.” మేం పుస్తకాల్లో వెతుక్కునే సామ్రాజ్యాన్ని ఆయన మూడు తరాలుగా కంకుల్లో తింటున్నాడు. అయినా కాపాడవలసింది కాపాడాల్సిందే అనుకోండి. గడ్డ మొత్తం మక్కలోకి పోయాక తవ్వడానికి ఏముంటుంది?

గోదావరిలో పెద్దవాగు కలిసే చోట కోటిలింగాల ఉంది. అక్కడ దొరికిన నాణేల మీద గోభద్ర, నారన, కంవాయ, సమగోప అనే పేర్లు చూశాకే శాతవాహనులకు ముందు కూడా ఇక్కడ రాజులున్నారని తేలింది. తొలి శాతవాహనుడు సిముకుడి నాణేలూ అక్కడివే. నా చదువును చూసి “మన్ను తినే కోర్సు” అని పదేళ్లు ఎక్కిరించిన మా బావ, తెలంగాణ వచ్చి గ్రూప్-2 సిలబస్‌లో ఈ పేర్లన్నీ చేరగానే మిఠాయి డబ్బాతో దిగాడు. “సిముకుడు పుట్టి ఎవలికి లాభమాయె బావా, నా ప్రాణం తీస్తున్నడు” అంటూ గోభద్రుణ్ని, సమగోపుణ్ని వరసగా బట్టీ పడుతుంటే మా అక్క ముఖం చూడవలసింది. శాతవాహనుల ముందటి రాజులకు ఇంత భక్తుడు మళ్లీ దొరకడు, పరీక్ష అయ్యేదాకా.

కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట సంగతి ఒక్క మాట. పదో శతాబ్దంలో జినవల్లభుడు ఆ గుట్ట మీద మూడు భాషల్లో శాసనం చెక్కించి, అందులో తన అన్న, కన్నడ ఆదికవి పంపణ్ని పొగిడాడు. అందులోని తెలుగు కందపద్యాలు నన్నయకంటే ముందటివి. తెలుగుకు ప్రాచీన హోదా అడిగినప్పుడు ఈ గుట్టనూ సాక్షిగా పిలిచారు. నాకు మాత్రం అన్నను పొగుడుతూ తమ్ముడు రాయించడమే అందులో పెద్ద వింత. మా దిక్కు అన్న పేరు తమ్ముడు రాయించేది తహసీల్దారు ఆఫీసు దరఖాస్తులో, హద్దురాళ్ల గురించి.

మా చదువులో మానవశాస్త్రం పేపరు కూడా ఉంది. అందులో మొదటి గండం బంధుత్వ పటం. మగవాళ్లు త్రిభుజాలు, ఆడవాళ్లు వృత్తాలు, పెళ్లయితే మధ్యలో జోడుగీతలు, పోయినవాళ్ల మీద ఒక అడ్డగీత. 1871లో అమెరికాలో లూయిస్ హెన్రీ మోర్గన్ అనే ఆయన (ఈయన నిజంగానే వకీలు) దేశదేశాల నుంచి వరసల పట్టికలు తెప్పించుకొని లావుపాటి పుస్తకం వేశాడు. చిన్నాయన పిల్లలు అన్నదమ్ములెందుకయ్యారు, మేనమామ పిల్లలు బావామరదళ్లెందుకయ్యారు అని చూస్తే మన తెలుగు, తమిళ వరసలకూ అక్కడి సెనెకా తెగ వరసలకూ పోలిక తగిలింది. ఆయన ఆశ్చర్యానికి అంతు లేదు. మా బాపమ్మకు చెబితే ఆమె ఆశ్చర్యం వేరే దారి పట్టింది. “గింతదానికి పుస్తకమెందుకు? పెండ్లిల ఒక్క పూట కూసుంటె తెలువదా?” ఆమెకు తెలుస్తుంది. పందిట్లో ఎవరినైనా పట్టుకొని ఊరు, ఇంటిపేరు, తల్లిగారిల్లు అడిగిందంటే, అన్నం వడ్డించేలోపు ఆ మనిషి మనకు మేనత్తో వదినో తేలిపోవాల్సిందే.

ఆదిలాబాద్‌కు పోతే గురువులు మారతారు. వియన్నాలో పుట్టిన క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1939లో ఇండియాకు రెండోసారి వచ్చేసరికి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాను హిట్లర్ అప్పటికే కలిపేసుకున్నాడు కాబట్టి పాస్‌పోర్టు లెక్కన ఆయన ఇంగ్లీషువాళ్లకు శత్రువు. ఆ శత్రువును నిజాం రాజ్యంలో తిరగనిస్తే చెంచుల దగ్గరికి, కొండరెడ్ల దగ్గరికి, చివరికి గోండుల దగ్గరికి చేరాడు. లండన్‌లో ఆయనకు పాఠం చెప్పిన మాలినోవ్‌స్కీదీ ఇదే జాతకం. మొదటి ప్రపంచ యుద్ధం వేళకు ఆస్ట్రియా పౌరుడిగా ఆస్ట్రేలియాలో ఉన్నాడు. ట్రోబ్రియాండ్ దీవుల్లో మకాం పెట్టి, జనం మధ్యే బతుకుతూ చూడటాన్ని ఒక పద్ధతిగా నిలబెట్టాడు. మా శాఖకు స్కాలర్‌షిప్పులకంటే ప్రపంచ యుద్ధాలే ఎక్కువ మేలు చేశాయని నా అనుమానం.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను కాల్చి చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో కనుక్కోమని నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను అడిగింది. భూమి, అడవి చేయిజారిపోవడమే కారణమని ఆయన రాశాడు. మార్లవాయిలో గుడిసె వేసుకొని భార్య బెట్టితో కలిసి ఉన్నాడు. 1943లో అక్కడే గోండి బడికి, టీచర్ల శిక్షణకు పునాది పడింది. ఉస్మానియాలో పాఠాలూ చెప్పాడు. బెట్టి 1987లో పోతే ఆమెను మార్లవాయిలోనే పూడ్చారు. 1995లో లండన్‌లో పోయిన ఆయన అస్థికలను 2012లో తెచ్చి ఆమె పక్కన పెట్టారు. ఇంతటి మనిషి నడిచిన దారిలో ఆ తర్వాత ప్రశ్నపత్రాలు పట్టుకొని విద్యార్థులం దిగబడుతూనే ఉన్నాం.

జైనూరు అవతల ఒక గూడెంలో మేం చేరగానే పటేల్ “రాం రాం” అని మంచం వాల్చాడు.

“హైదరాబాదా, వరంగలా?”

“హైదరాబాద్, దాదా.”

“ఆఁ. హైదరాబాదోళ్లు ముందుగాల దేవుని గురించి అడుగుతరు. వరంగలోళ్లు పోడు భూమి అడుగుతరు. ఢిల్లీ నుంచి వచ్చెటోళ్లు ఏం తింటరని అడుగుతరు, పెడితె తినరు.” నా చేతిలోంచి కాగితాలు తీసుకొని తిరగేశాడు. “ఇంట్ల ఎందరున్నరు తర్వాత ఎడ్లెన్ని అని ఉంటది. నీదాంట్ల లేదు. కొత్త ఫారమా?”

కొత్తదే అన్నాను. ఎడ్ల గడి తీసేయడం ఆయనకు నచ్చలేదు. ఇక అడగడం ఆయన వంతయింది. మా ఊరు ఎక్కడ, బాపు ఏం చేస్తాడు, ఎన్ని ఎకరాలు, బోరు పడ్డదా, యూనివర్సిటీ నెలకెంత ఇస్తుంది, ఇవ్వకపోతే ఎందుకు తిరుగుతున్నాను. మా ఇద్దరిలో ప్రశ్నలు పొందికగా అడిగింది ఎవరో మా సార్ ఉంటే మార్కులేసి చెప్పేవారు. చివరికి అసలు సంగతికి వచ్చాడు.

“పెండ్లయిందా?”

“కాలే.”

“ఎన్ని దేవుళ్లోనివి?”

గోండుల ఇంటిపేర్లన్నీ నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలుగా విడిపోయి ఉంటాయి. ఒకే సగలోనివాళ్లు అన్నదమ్ముల వరస, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. పరీక్షలో పది మార్కుల ప్రశ్న అది. నన్నే అడుగుతారని ఏ గైడులోనూ లేదు.

“మా దిక్కు ముక్కోటి దేవతలంటరు దాదా.”

“ముక్కోటి?” పక్కనున్నవాళ్లకు గోండిలో చెప్పాడు. వాళ్లు నన్ను జాలిగా చూశారు. “మీ దిక్కు అందరికీ గంతేనా?”

“అందరికీ గంతే.”

“అట్లయితె మీరందరు ఒక్కటే సగ. అందరు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లే అయితిరి.” కాగితాలు నా చేతికి తిరిగిచ్చాడు. “మరి మీ దిక్కు పెండ్లిళ్లు ఎట్ల అయితున్నయి? మీ సార్‌ను అడుగు. మళ్ల అచ్చినప్పుడు చెప్తువు.”