గగనమార్గమున ఒక గంట

హైదరాబాదునకును విజయవాడకును నడుమ రోడ్డు దూరము సుమారు 275 కిలోమీటర్లు. సూటిగా గీత గీచి కొలిచినచో 250. ఈ రెండంకెలను ఫోనులో చూచుకొని, 25 కిలోమీటర్లు కలిసివచ్చుననియు, ఐదారు గంటల ప్రయాణము గంటలో ముగియుననియు గణించి, హయత్‌నగర్ వాస్తవ్యులగు మా బావగారు మొన్న ఒక వివాహమునకు విమానమున బయలుదేరినారు. వారి వీధి మలుపు తిరిగినచో విజయవాడ రోడ్డే. ఆ రోడ్డునకు 9వ నంబరు పోయి 65 వచ్చినను దూరము ఒక్క అంగుళమైనను తగ్గలేదని వారికి చిరకాలముగా కినుక.

పూర్వము విమానాశ్రయము బేగంపేటలో, ఊరి నడుమ, ఉండెడిది. 2008 మార్చిలో అది శంషాబాదునకు తరలినది. అందుచేత తూర్పునకు పోవలసిన బావగారు ప్రప్రథమమున పడమటికి, దాదాపు 30 కిలోమీటర్లు, పోయినారు. కలిసివచ్చిన 25 అక్కడనే వ్యయమై, పైని 5 అప్పు పడినవి. గంట ముందే కౌంటరు మూయుదురను భయమున రెండు గంటల ముందు చేరి, ధర్మపత్ని యెదుట తప్ప ఎన్నడును విప్పని నడుము బెల్టును అపరిచితుల సమక్షమున విప్పి ట్రేలో నుంచి, చేతులు చాచి నిలిచి, పరీక్షలన్నియు ఉత్తీర్ణులై కూర్చుండగా, విమానము ముప్పావు గంట ఆలస్యమని ప్రకటించిరట.

అంతటితో తీరలేదు. విమానము దిగు గన్నవరము విజయవాడకు తూర్పున ఏలూరు రోడ్డుమీద, ఇంచుమించు 20 కిలోమీటర్ల దూరమున ఉన్నది. కావున విమానము బావగారిని విజయవాడ దాటించి దింపగా, దాటిన ఊరికి వారు టాక్సీ కట్టించుకొని వెనుకకు రావలసివచ్చినది. ‘ప్రయాణకాలము ఒక గంట’ యనుట అసత్యమని నే ననను. పెండ్లిభోజనమునకు పట్టు కాలమును చెప్పునపుడు, వండుటను, వడ్డించుటను, పంక్తిలో చోటుకొరకు పరుల వీపువెనుక నిలుచుటను విడిచి, మ్రింగుటను మాత్రమే లెక్కించిన వాని సత్యమువంటి సత్యమది.

ఆనాటి యుదయమే, ఆ వేళకే, వారి వీధి చివర నేను బస్సెక్కితిని. బస్సును పొగడుటకు నాకు నోరు రాదు. పంతంగి టోలుగేటు నాడు దయతలచినది గాని, సంక్రాంతి ముందు అదే గేటువద్ద కార్లు బారులు తీరి నిలుచుట ఎరుగనివారెవరు? సూర్యాపేట వద్ద డ్రైవరు ఇరువది నిమిషములని చెప్పి, తన కభిమానమైన హోటలు ముందు నలువది నిమిషము లాపినాడు. అచటి చాయ్ ధరకును రుచికిని ఎట్టి బంధుత్వమును లేదు. అయినను ఆ బస్సు పడమటికి పోలేదు, విజయవాడను దాటిపోలేదు, నా బెల్టు నడిగినది కాదు.

మొదటి పంక్తి లేచిన పిదప బావగారు మండపమునకు విచ్చేసిరి. తాంబూలము నములుచున్న నన్ను చూచి, “ఎప్పుడు వచ్చినావోయ్?” అనిరి. “ఇప్పుడే, బావగారూ” అని అబద్ధమాడితిని.

తిరుగు ప్రయాణమునకు కిటికీ ప్రక్క సీటు చూచి టికెట్టు తీయుమని సాయంకాలము నాతో మెల్లగా చెప్పినారు. బస్సులో, హయత్‌నగర్ వచ్చునంత వరకును, వారి సంచికి విమానపు చీటీ వ్రేలాడుచునే యున్నది.