హాస్టల్ కట్టేవాళ్ళు వినకూడని సలహాలు

సిరికొండలో గానీ, ఆర్మూర్ చుట్టుపక్కల గానీ పిల్లలకు హాస్టల్ కడుతున్నారని తెలిస్తే చాలు, సలహాలు తోసుకొస్తాయి. మేస్త్రీ ఒకటి చెబుతాడు, సిమెంటు దుకాణమాయన ఒకటి, వాస్తు చూసే పెద్దమనిషి ఇంకొకటి. చాలావరకు అవి పట్టపగలు స్థలంలో నిలబడి చెప్పేవి. హాస్టల్ పిల్లలు పొద్దున బడికో కాలేజీకో పోయి సాయంత్రం గదికి వస్తారు. రాత్రి చదువుతారు, అక్కడే పడుకుంటారు. కాబట్టి ఎవరు ఏం చెప్పినా ఒకటే అడగండి: రాత్రి పది గంటలకు ఈ గది ఎట్లుంటుంది? ఈ ప్రశ్నకు నిలబడని సలహాలు కొన్ని కింద రాస్తున్నాను.

“స్లాబ్ గట్టిగ పోసినం సార్, ఇగ పైన ఏం జేసినా దండుగ.”

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. మే నెల నడుమ ఒకసారి, జులై చివర్లో ఇంకోసారి సూర్యుడు మన ఇందూరు (నిజామాబాద్) జిల్లాకు సరిగ్గా నడినెత్తిన వస్తాడు. ఆ రోజుల్లో గోడల మీద పడే ఎండ కంటే కప్పు మీద పడేది చాలా ఎక్కువ. ఐదంగుళాల కాంక్రీటు మధ్యాహ్నం తాగిన ఆ వేడిని మూడు నాలుగు గంటల తర్వాత కింది ముఖం నుంచి గదిలోకి వదలడం మొదలుపెడుతుంది. పిల్లలు గదికి చేరే వేళ, కప్పు వేడి కక్కే వేళ ఒకటే అవుతాయి. పసుపు ఉడకబెట్టి కల్లంలో ఆరబోసే రైతుకు ఈ సంగతి కొత్తది కాదు. పొద్దుగూకి కొమ్ములు ఎత్తేటప్పటికి కూడా నేల పాదాలకు చురుక్కుమంటూనే ఉంటుంది. స్లాబ్ కూడా అంతే, కాకపోతే దాని కింద పిల్లలుంటారు. అంతస్తుల మంచాలు వేసిన పై గదిలో పై మంచం మీద పడుకున్న బిడ్డకు ఆ కాంక్రీటు నాలుగడుగుల దూరంలో ఉంటుంది. ఫ్యాన్ ఆ వేడి గాలినే కిందికి తోస్తుంది.

కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం లోపలికీ బయటికీ ఒక్కో డిగ్రీ తేడాకు కప్పులోంచి చదరపు మీటరుకు 1.2 వాట్ల కంటే ఎక్కువ వేడి దిగకూడదు. వట్టి స్లాబ్ నుంచి దిగేది దానికి దాదాపు మూడింతలు. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రమంతా 300 చదరపు కిలోమీటర్ల మేర చల్లని కప్పులు రావాలన్నది లక్ష్యం. 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్ళకు దీన్ని తప్పనిసరి చేశారు. సర్కారు భవనాలకు, వ్యాపార భవనాలకు స్థలం ఎంతైనా సరే తప్పదు. అంటే హాస్టల్ కప్పు తెల్లగా ఉండాలనడం ఇప్పుడు ఒకరి ఇష్టాయిష్టాల మాట కాదు. తెల్లటి పూత ఎండను చాలావరకు వెనక్కి కొడుతుంది, దాంతో గదిలో రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతుంది. చేతిలో డబ్బు లేకపోతే సున్నం చాలు. దుమ్ము పట్టిన తెలుపు పని చేయదు కనుక ఏటా కడిగి మళ్ళీ కొట్టాలి.

కట్టడం ఇంకా మొదలు కాకపోతే ఇంకో మంచి దారి కూడా ఉంది. పాత ఇళ్ళు విప్పిన చోటల్లా పెంకులు కుప్పలుగా పడి ఉంటాయి. స్లాబ్ అడుగు భాగంలో కాంక్రీటుకు పని లేని చోట పెంకులు పేర్చి పోసే పద్ధతిని కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ఏళ్ళ తరబడి చేసి చూపించారు. కాంక్రీటు మిగులుతుంది, పెంకుల నడుమ గాలి ఉండి వేడి నెమ్మదిస్తుంది. ఇనుము లెక్క మాత్రం ఇంజనీరుతోనే వేయించాలి, అందాజాతో చేసే పని కాదిది.

“జాగ తక్కువుంది, నడుమ వరండా ఇడిసి రెండు దిక్కుల రూములు ఎయ్యండి.”

గదులు ఎక్కువ వస్తాయి, నిజమే. కానీ ఏ గదికీ ఎదురెదురు కిటికీలు ఉండవు. గాలి ఒకవైపు నుంచి వచ్చి అక్కడే ఆగిపోతుంది, రాత్రి చల్లబడిన గాలి బయటే ఉండిపోతుంది.

ఇక్కడ పుదుచ్చేరి సంగతి ఒకటి చెప్పాలి. అది మన డబ్బుతో కట్టిన వసతి గృహం. అరవింద ఆశ్రమంలో 1930లలో మొదలుపెట్టిన ఆ భవనం పేరు గోల్కొండ్. హైదరాబాద్ సంస్థానానికి ప్రధానమంత్రిగా పనిచేసిన సర్ అక్బర్ హైదరీ నిజాం ప్రభుత్వం నుంచి ఇప్పించిన విరాళమే దానికి ఆధారం, అందుకే ఆ పేరు. ఆంటొనిన్ రేమండ్ గీసిన నమూనాను జార్జ్ నకషిమా, ఫ్రాంటిషెక్ సామర్ దగ్గరుండి కట్టించారు. గదులన్నీ ఒకే వరుసలో దక్షిణం వైపు, నడవ ఉత్తరం వైపు. రెండు వైపులా గోడల బదులు చేత్తో తిప్పుకునే వెడల్పాటి పలకలు ఉంటాయి. గదికీ నడవకూ నడుమ సందులున్న టేకు తలుపులు, మూసినా వాటిలోంచి గాలి ఆడుతుంది. స్లాబ్ మీద వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు పరిచారు. రెంటి నడుమ ఖాళీ ఉంది కనుక ఎండ స్లాబ్‌ను తాకదు. ఏసీలు లేని కాలంలో, ఎండ దేశంలో, పడుకునే మనుషుల కోసం ఆలోచించి కట్టిన ఇల్లు అది. దానికి డబ్బిచ్చిన సంస్థానంలో మన ఇందూరు ఒక జిల్లా. దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత అదే ఇందూరులో గాలాడని హాస్టళ్ళు కడుతున్నామంటే నాకు బాధగా ఉంటుంది.

అయితే గోల్కొండ్‌ను ఉన్నదున్నట్టు దించుకుంటే కూడా తప్పే. పుదుచ్చేరిది సముద్రపు తేమ, మనది ఏప్రిల్, మే నెలల్లో పొడి ఎండ. అక్కడ పగలు కూడా గాలి కావాలి. ఇక్కడ పొద్దున తొమ్మిదింటికల్లా కిటికీలు మూసి వడగాడ్పును బయటే ఆపాలి, చీకటి పడ్డాక అన్నీ బార్లా తెరవాలి. ఈ పని వార్డెన్ దినచర్యలో రాసి ఉండాలి.

“ఆడపిల్లల హాస్టల్ గదా, కిటికీలు పైకి చిన్నగ పెట్టండి.”

భద్రత పేరు చెప్పి బిడ్డల్ని ఉక్కపోతలో పెట్టే ఈ సలహాను నేను అసలు ఒప్పుకోను. రెండూ సాధ్యమే. బయటి గోడలో ఇటుకలతో జాలీ కట్టండి, గాలి వస్తుంది, చూపు రాదు. కిటికీకి గట్టి గ్రిల్లు, లోపల దోమల జాలి పెట్టండి. ఈ దోమల జాలి గాలిలో సగం దాకా ఆపేస్తుంది కాబట్టి కిటికీని ఆ మేరకు పెద్దది చేయాలే తప్ప జాలి తీసేయకూడదు. వానాకాలం డెంగీ ఎట్లుంటుందో మనకు తెలుసు. తలుపు పైన, కప్పుకు దగ్గరగా వెంటిలేటర్లు తప్పనిసరి. పాత పెంకుటిళ్ళలో ఉండేవి, స్లాబులు వచ్చాక వదిలేశాం. వేడిగాలి పైకి పోతుంది, పోయేందుకు దారి ఉండాలి కదా!

“ఎలివేషన్‌కు అద్దాలు పెడితే అడ్మిషన్లు వస్తయ్.” రోడ్డు పడమర ఉంటే ఆ అద్దాల వెనకున్న గదిలో సాయంత్రం ఎవరూ కూర్చోలేరు. అంతకంటే చెప్పేది లేదు.

పడమర గోడ గురించి మాత్రం చెప్పాలి. “అన్ని దిక్కుల రెండడుగుల సజ్జ ఎయ్యండి, సాలు” అంటారు. దక్షిణానికి అది చాలు, అటు సూర్యుడు ఎత్తుగా ఉంటాడు. పడమర వాలిన సూర్యుడు సజ్జ కిందినుంచి దూరి గోడను కాలుస్తాడు. అక్కడ గదులు పెట్టకండి. మెట్లు, సామాన్ల గది, స్నానాల గదులు ఆ వైపు నెట్టండి. మెట్లు పడమరనో నైరుతిలోనో పెడతామంటే వాస్తు చూసేవాళ్ళు కూడా మామూలుగా అభ్యంతరం చెప్పరు. మే, జూన్‌లలో పొద్దు వాయవ్యం వైపు కుంగుతుంది కాబట్టి ఉత్తరం కిటికీలకు కూడా పక్కన నిలువు పలకలు ఉంటే మంచిది. నల్ల నీళ్ళ ట్యాంకు ఎండలో పెడితే సాయంత్రం నల్లా తిప్పగానే కాలే నీళ్ళొస్తాయి. దానికి నీడ చేయండి, తెల్ల రంగన్నా వేయండి. గోడకు పదిహేను ఇరవై అడుగుల దూరంలో వేప, కానుగ నాటండి. “వేర్లు పునాదిని లేపుతయ్” అని కొట్టేయించేవాళ్ళ మాట వినొద్దు, అంత దూరంలో ఆ భయం తక్కువ.

“కూలర్ పెట్టి తలుపులు బంద్ జెయ్యండి.” కూలర్ ఇచ్చే తడిగాలి బయటికి పోకపోతే గంటలో గది ఉక్కపోస్తుంది. ఎదురు కిటికీ తెరిచే ఉంచాలి. గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్‌ను నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అప్పుడు ఒళ్ళు తడి చేసుకోవాలి, నీడపట్టున ఉండాలి.

ఇక ఏసీ. పిల్లలకు 20 డిగ్రీలు కావాలనుకోవడమే పొరపాటు. ఇంద్రగంటి మాధవి గారు 2008 వేసవిలో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో జనాన్ని అడిగి, గదిలో వేడిమి కొలిచి పరిశోధన చేశారు. 29 డిగ్రీల దగ్గర మనవాళ్ళకు హాయిగా ఉందని, 26 నుంచి 32 దాకా సుఖంగానే ఉన్నారని తేలింది. మన లక్ష్యం అదే కావాలి: పై అంతస్తు గది రాత్రి 32 లోపు ఉండాలి. పైన చెప్పిన పనులన్నీ చేస్తే చాలా రాత్రులు కరెంటు బిల్లు లేకుండానే దానికి దగ్గరకు వస్తారు.

“ఎండకాలం పోరగాండ్లు ఇండ్లకు పోతరు గదా, ఎందుకింత ఖర్సు?”

మార్చిలో ఇంటర్ పరీక్షలు, ఆ వెంటనే పదో తరగతి పరీక్షలు, తర్వాత ఎంట్రన్సులు. ఏడాదంతా చదివిన చదువుకు లెక్క తేలేది ఎండ ముదిరిన ఆ వారాల్లోనే. సరిగ్గా నిద్రపోని బిడ్డ పొద్దున పరీక్ష హాల్లో ఏం రాస్తుంది? డబ్బు ఒక్క పనికే ఉందంటే కప్పుతో మొదలుపెట్టండి. శివరాత్రి దాటకముందే పైకెక్కి ఊడ్చి, కడిగి, పగుళ్ళు పూడ్చి, ఆరాక పలచగా సున్నం రెండు పూతలు కొట్టించండి. రెండో పూతకు ముందు మొదటిది పూర్తిగా ఆరనివ్వాలి.